ఎఫ్‌డీఐ పెరిగితే ఎగుమతులు పెరుగుతాయా? ప్రాజెక్టు సందేహం

ప్రశ్న (ఎం.ఏ. విద్యార్థిని, తిరుపతి):
సభ్యులకు నమస్కారం. ఆసియా దేశాల్లో విదేశీ ప్రత్యక్ష పెట్టుబడులకూ (ఎఫ్‌డీఐ) ఎగుమతులకూ గల సంబంధంపై ప్రాజెక్టు రాస్తున్నాను. వియత్నాం, భారత్‌ల ముప్పై ఏళ్ల అంకెల్లో రెండూ కలిసే పెరిగాయి. పెట్టుబడుల వల్లనే ఎగుమతులు పెరిగాయని రాయవచ్చునా?

సమాధానం (విశ్రాంత అధ్యాపకుడు, చిత్తూరు):
అప్పుడే రాయకండమ్మా. ఏటేటా పెరిగే ఏ రెండు వరుసలను పక్కపక్కన పెట్టినా సహసంబంధం గట్టిగానే వస్తుంది. ఎగుమతుల పక్కన తిరుమల లడ్డూల లెక్క పెట్టినా రావచ్చు. ముందు యూనిట్ రూట్ పరీక్ష (వరుస స్థిరంగా ఉందా, లేక నిలకడ లేకుండా సాగుతోందా అని చూసేది) చేసి, ఆ తర్వాతనే గ్రేంజర్ పరీక్షకు (ఒక వరుస గత విలువలు రెండోదాన్ని అంచనా వేయడానికి పనికొస్తాయా అని చూసేది) వెళ్లండి. అది కూడా ఏది ముందు కదిలిందో చెబుతుందే గాని, ఏది కారణమో చెప్పదు.

అంతకన్నా ముఖ్యం, ఆ పెట్టుబడి దేనికోసం వచ్చిందన్నది. సత్యవేడు వైపున్న శ్రీసిటీనే చూడండి: ఎగుమతుల కోసం ఏర్పడిన సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) ఒకవైపు, దేశీయ విపణికి అమ్ముకోగల ప్రాంతం మరోవైపు ఉన్నాయి. రెండింటిలోకి వచ్చిన డబ్బూ ఎఫ్‌డీఐగానే నమోదవుతుంది. దిగుమతి సుంకం తప్పించుకోవడానికి ఇక్కడే కర్మాగారం పెట్టిన సంస్థ వర్తకాన్ని పెంచదు, దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఆర్థికవేత్త రాబర్ట్ మండెల్ 1957లోనే ఈ వాదన చేశాడు. వియత్నాం కథ వేరు. 1986 నాటి డోయ్ మోయ్ ఆర్థిక సంస్కరణలు, 2007లో ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యత్వం, ఆపై బాక్‌నిన్‌లో సాంసంగ్ ఫోన్ల తయారీ వంటివి కలిసి, ఆ దేశ ఎగుమతుల్లో సుమారు 70 శాతాన్ని విదేశీ పెట్టుబడి సంస్థల చేతిలో పెట్టాయి. మన దేశానికి 1991 తర్వాత వచ్చిన పెట్టుబడిలో చాలా భాగం టెలికాం వంటి, ఇక్కడి వినియోగదారులను ఆశించిన రంగాలకు పోయింది. దక్షిణ కొరియా అయితే ఎక్కువగా విదేశీ అప్పులతో, సొంత సంస్థలతోనే ఎగుమతి దేశమైంది.

మరొక సభ్యుడు (రేణిగుంట, ఎలక్ట్రానిక్స్ కర్మాగార ఉద్యోగి):
ఒక్క మాట చేరుస్తాను. విడిభాగాలు బయటినుంచి తెప్పించి, ఇక్కడ బిగించి పంపినా మొత్తం విలువ ఎగుమతిగానే లెక్కకు వస్తుంది. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ ప్రచురించే విలువ జోడింపు వర్తక గణాంకాలు (ఏ దేశం ఎంత విలువ చేర్చిందో విడిగా చూపేవి) కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఎగుమతులు బాగున్నాయని చూసి పెట్టుబడి రావడం కూడా ఉంటుందా?

సమాధానం (చిత్తూరు):
తప్పక ఉంటుంది. అందుకే పరీక్షను రెండు దిశల్లోనూ చేయండి. 1997 ఆసియా సంక్షోభానికీ, వియత్నాం ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన 2007కూ డమ్మీలు (ఆ మార్పులను వేరుగా గుర్తించే 0, 1 చలరాశులు) పెట్టి, భారత్ అంకెలను రంగాలవారీగా విడదీయండి. ముప్పై పరిశీలనలే ఉన్నాయి గనుక వెనకటి ఏళ్ల విలువలైన ల్యాగ్‌లు రెండు దాటనివ్వకండి.