అయితే అంతా, లేదంటే సున్నా: ఈ పట్టు మనిషిని నిలబెడుతుందా, కూలుస్తుందా?

క్లాక్ టవర్ పక్క సందు (అనంతపురం):
మా అన్న కొడుకు ఎంసెట్‌లో అనుకున్న ర్యాంకు తెచ్చుకోలేకపోయాడు. ఇక్కడ జేఎన్‌టీయూలో సీటు రాదని తేలినప్పటి నుంచి గది తలుపు వేసుకుని కూర్చున్నాడు. ఉగ్గాని బజ్జీ అంటే పడిచచ్చేవాడు, ఇప్పుడు ప్లేటు వైపే చూడటం లేదు. అడిగితే "రెండేళ్లు మొత్తం వేస్ట్ చిన్నాయనా, నేను దేనికీ పనికిరాను" అంటాడు. మా అన్నేమో "ఆ కసి ఉండాల, అప్పుడే పైకొస్తాడు" అంటాడు. నాకేమో భయంగా ఉంది. మీరేమంటారు?

మానేసి ఆరేళ్లు (గుత్తి):
మీ అన్నను తీసిపారేయొద్దు. నేను తాగుడు మానింది "ఒక్క చుక్క కూడా వద్దు" అన్న పట్టుతోనే. పండగకు ఒక పెగ్గే కదా అని సర్దుకున్న ప్రతిసారీ మూడు రోజులు బస్టాండు అరుగు మీద తేలాను. నాలాంటోడికి మధ్యేమార్గం అంటే మళ్లీ గ్లాసే.

సైకాలజీ చదివిన అక్క (కడప):
అన్నా, మీ పట్టు మంచిదే. అయితే ఒక రోజు జారితే? "ఎలాగూ తాగేశా, ఇంకేముంది" అని సీసా ఖాళీ చేస్తారు చాలామంది. అలన్ మార్లట్ అనే అమెరికా సైకాలజిస్టు దీని మీదే పనిచేశాడు. అతను చెప్పేదేమంటే, ఆ జారుడును మనిషి తన చేతకానితనంగా లెక్కేసుకున్నప్పుడే మళ్లీ పాత దారి పట్టే ప్రమాదం ఎక్కువ.

"చేస్తే ఇట్లాగే చేయాలి" అన్నది పనికి పెట్టుకున్న నియమం. "నేను దేనికీ పనికిరాను" అన్నది తన మీద తానే చెప్పుకున్న తీర్పు. 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికా సైకియాట్రిస్టు డిప్రెషన్ పేషెంట్ల దగ్గర పట్టుకున్నది ఈ రెండోదాన్నే.

ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీ వాళ్లు 2018లో 63 ఇంటర్నెట్ ఫోరమ్‌లలో జనం రాసుకున్నవి చూశారు. "ఎప్పుడూ", "అస్సలు", "మొత్తం" అనే అర్థమిచ్చే ఇంగ్లిష్ మాటలు, మామూలు ఫోరమ్‌లతో పోలిస్తే, డిప్రెషన్, ఆందోళన ఫోరమ్‌లలో దాదాపు 50 శాతం ఎక్కువ, ఆత్మహత్య ఆలోచనల ఫోరమ్‌లలో దాదాపు 80 శాతం ఎక్కువ. ఆ మాటల వల్లే జబ్బు వస్తుందని దీంతో తేలదు, రెండూ కలిసి కనిపిస్తాయంతే. కానీ మీవాడి మాటలో "మొత్తం" ఉంది, "దేనికీ" ఉంది. తిండి మానేశాడు కూడా. కసి అని ఊరుకోకండి. మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

సప్తగిరి సర్కిల్ (అనంతపురం):
అక్కా, ర్యాంకుకు గీత గీసింది పిల్లోడు కాదు కదా. ఒక్క ర్యాంకు తేడాతో సీటు పోయేచోట "కొంచెం వచ్చింది" అంటే ఎవరు వింటారు? లోకమే నలుపు తెలుపుగా ఉంటే వాడి ఆలోచనను తప్పుపట్టడం అన్యాయం.

మెట్ట రైతు (కళ్యాణదుర్గం):
సీటు విషయంలో గీత నిజమే సార్. మాకూ గీత ఉంది. మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప. ఊడలు దిగేటప్పుడు వాన మొహం చాటేస్తే శనక్కాయ పోయినట్టే. అయినా ఎవడన్నా చేను మొత్తం దున్నేస్తాడా? కట్టె పీకి వామేస్తాం, ఎద్దులకు ఆర్నెల్లు మేత. పది పదకొండు సాళ్లకు ఒక సాలు కంది వేసుంటాం, దాని వేరు లోతు, తర్వాత వానకు తేరుకుంటుంది. మా నాయన కాయ రాని ఏడు కూడా "పంట పోయింది" అనేవాడు గానీ "చేను పోయింది" అని ఎప్పుడూ అనలేదు.

మానేసి ఆరేళ్లు (గుత్తి):
అక్కా, నిజం చెప్తా. ఆరేళ్లని పెట్టుకున్నా గానీ నడుమ ఒక రాత్రి జారింది. లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టలేదు. అది తప్పంటారా?

క్లాక్ టవర్ పక్క సందు (అనంతపురం):
నిన్న ఫోన్ కలిపి వాడికిచ్చి, నేను బయటికి వచ్చేశా. ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఈ పొద్దున సగం ప్లేటు ఉగ్గాని తిన్నాడు. మా అన్న "సగమే తిన్నాడు" అన్నాడు. మా వదిన "సగం తిన్నాడు" అంటూ మిగిలింది మూతపెట్టి పక్కన ఉంచింది.