అప్‌డేట్: మెర్సిడెస్ 240డి తెల్ల పొగ, స్టార్టింగ్ సమస్య తీరింది, కారణం పంప్ టైమింగే

పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొడితే గానీ స్టార్ట్ కాదు, తెల్ల పొగ, ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు అని నా పాత మెర్సిడెస్ 240డి (డబ్ల్యూ123 సిరీస్ డీజిల్ కారు) గురించి ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. అందరికీ థాంక్స్, ముఖ్యంగా "ముందు పంప్ టైమింగ్ (పంప్ ఇంజిన్‌లోకి డీజిల్ పంపే సమయం) చూపించండి" అన్న అన్నకి.

పాత డీజిల్ పంపులు చేసే మేస్త్రీ పంప్ నుంచి మొదటి సిలిండర్‌కి వెళ్లే పైపు విప్పి, పంప్‌లో డీజిల్ బయటికి వదిలే డెలివరీ వాల్వ్, స్ప్రింగ్ తీసి, అక్కడ వంకర గొట్టం బిగించారు. పంప్ యాక్సిలరేటర్ లివర్ ఫుల్‌లో పెట్టి క్రాంక్ మెల్లగా తిప్పుతుంటే, ధారగా కారే డీజిల్ సన్నబడి సెకనుకో చుక్కగా మారింది. అప్పుడు క్రాంక్ పుల్లీ మీద 24 డిగ్రీలు (పిస్టన్ పైకొసకి చేరడానికి అంత ముందు) చూపించాలి, మాది 19 దగ్గరుంది. ఈ ఇంజిన్‌లో పంప్‌ని తిప్పేది టైమింగ్ చైనే. అది సాగడంతో పంప్ వెనకబడి, డీజిల్ ఆలస్యంగా పంపుతోంది. నట్లు వదులు చేసి, పంప్ కొద్దిగా జరిపి 24కి తెచ్చారు. గుర్తు దాటితే క్రాంక్ వెనక్కి తిప్పకూడదు, మళ్లీ రెండు చుట్లు ముందుకే తిప్పి రావాలి.

గ్లో ప్లగ్గులు (స్టార్టింగ్‌కి ముందు సిలిండర్‌ని వేడి చేసేవి), డీజిల్ ఫిల్టర్ శుభ్రంగా ఉన్నాయి, వాటికీ దీనికీ సంబంధం లేదు. వాల్వ్ తిరిగి బిగించేటప్పుడు కాపర్ వాషర్ కొత్తదే వేయించండి, పాతదైతే డీజిల్ కారుతుంది. చైన్ ఎంత సాగిందో కూడా కొలిపించండి. మాది వచ్చే నెల మార్పిస్తున్నాను.