మియాటా క్లబ్: బ్రెంబో ప్యాకేజీకి 3,000 డాలర్లు ఎక్కువ పెట్టొచ్చా?

గజపతినగరం (ఇప్పుడు డెట్రాయిట్ దగ్గర):
అందరికీ నమస్కారమండి. ఈ దేశం వచ్చి నాలుగు నెలలైంది. మాజ్డా మియాటా (రెండు సీట్ల స్పోర్ట్స్ కారు), 2021 క్లబ్ రకం, మాన్యువల్ గేరు, గుడ్డ టాపు బండి తీసుకుందామని ఉంది. పాతవి రెండు దొరికాయి. ఒకదానికి బ్రెంబో, బీబీఎస్, రెకారో ప్యాకేజీ ఉందని 3,000 ఎక్కువ చెప్తున్నారు. పెట్టొచ్చాండి?

రాజాం:
తమ్ముడూ, ముందు ఆ ప్యాకేజీలో ఏటుందో, ఏటి లేదో విడదీసి చూడు. ఇంజను రెండిటికీ ఒకటే, 2.0 లీటర్లు, 181 హార్స్‌పవర్. బిల్‌స్టీన్ షాకులు, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక వెనక చక్రం జారినా రెండోదానికి బలం అందించేది), ముందు షాక్ టవర్లని కలిపే అడ్డకడ్డీ క్లబ్ మాన్యువల్‌కి ఎలాగూ కంపెనీ నుంచే వస్తాయి. మలుపులో బండి పట్టుగా తిరిగేది వీటి వల్లే. (ఆటోమేటిక్ క్లబ్‌కి ఇవి రావు, పొరపాటున అటు పోకు.) నువ్వు 3,000 ఇచ్చేది మూడు వస్తువులకి: ముందు చక్రాలకి బ్రెంబో బ్రేకులు, బీబీఎస్ ఫోర్జ్‌డ్ అల్లాయ్‌లు, రెకారో సీట్లు. దీని సస్పెన్షనే వేరని అమ్మేవాడంటే నమ్మీకు.

బండి బరువు 1,060 కిలోల చుట్టూ ఉంటుంది. ఇంత తేలిక బండికి రోడ్డు మీద మామూలు బ్రేకులే చాలు. ఒక్కసారి గట్టిగా తొక్కితే ఎంత దూరంలో ఆగుతుందనేది టైరు పట్టుని బట్టి ఉంటుంది. పెద్ద క్యాలిపరు (డిస్కుకి ప్యాడ్లని నొక్కే భాగం) పనికొచ్చేది మళ్లీ మళ్లీ తొక్కినప్పుడు, వేడి తట్టుకోడానికి. సాలూరు దాటాక ఘాటీ దిగే లారీ డ్రైవరు బ్రేకు మీద కాలు ఉంచడు, గేరు తగ్గించి ఇంజను మీద దింపుతాడు. ఎందుకంటే బ్రేకు బాగా కాగితే ప్యాడ్ పట్టు పోతుంది, ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు వస్తే పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది. అంత వేడి ఊళ్లోనూ పుట్టదు, ఫ్రీవే మీదా పుట్టదు, రేస్ ట్రాక్ మీద పుడుతుంది. రేపు ట్రాక్‌కి వెళ్లాలనిపించినా, మామూలు క్యాలిపర్లకే ట్రాక్ ప్యాడ్లు, కొత్త డాట్ 4 రకం బ్రేకు ఫ్లూయిడ్ వేయిస్తే నేర్చుకునే రోజులకి సరిపోతుంది.

టెక్కలి:
మిచిగాన్‌లో ఉన్నావు కాబట్టి చలికాలం లెక్క కూడా చూసుకో. క్లబ్‌తో వచ్చేవి 205/45 ఆర్17 సమ్మర్ టైర్లు. 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే రబ్బరు గట్టిపడి పట్టు తగ్గిపోతుంది. నీళ్లు గడ్డకట్టే చలిలో బండి కదిపితే ట్రెడ్డు బీటలు వారొచ్చు. నవంబరు నాటికి వింటర్ టైర్లు వేరే అల్లాయ్‌లతో సెట్టుగా పెట్టుకోవాలి, తప్పదు. ప్యాకేజీ లేని బండికి 16 అంగుళాల చక్రం, 195/50 ఆర్16 టైరు చక్కగా పడుతుంది (బోల్టులు 4×100, మధ్య కన్నం 54.1 మిల్లీమీటర్లు). బ్రెంబో క్యాలిపరు లావు, చాలా 16 అంగుళాల చక్రాలకి లోపల రాసుకుంటుంది. అప్పుడు రెండో సెట్టు కూడా 17లోనే కొనాలి, దానికి ఖర్చెక్కువ.

17 అంగుళాల చక్రం వేస్తే గతుకులకి నడుము విరుగుతుందని కొందరంటారు. లెక్క చూడు, టైరు గోడ ఎత్తుని వెడల్పులో శాతంగా రాస్తారు: 205లో 45 శాతం 92.25 మిల్లీమీటర్లు, 195లో సగం 97.5. టైరు గోడలో తేడా అయిదుంబావు మిల్లీమీటర్లే. గతుకులు తెలిసేది ముఖ్యంగా బిల్‌స్టీన్ల గట్టిదనం వల్ల, అవి రెండు బళ్లకీ ఉన్నవే. ఇంకోటి, ఇందులో స్టెప్నీ ఉండదు. పంక్చరు మందు, గాలి పంపు ఇస్తారు, అంతే. మంచు కరిగే మార్చి నెలలో అక్కడి రోడ్లకి గోతులు పడతాయి. వాటిలో బీబీఎస్ చక్రం వంగితే కొత్తది ఖరీదైన వస్తువు.

బొబ్బిలి వదిన:
బాబూ, రెకారోలో ఇరవై నిమిషాలు కూర్చో, టాపు మూసి. పక్కల దిండ్లు తొడలనీ భుజాలనీ నొక్కితే ఆ సీటు నీది కాదు. మనిషి సన్నగా ఉంటే మాత్రం దానంత పట్టున్న సీటు ఇంకోటి లేదు.

అప్పు మీద తీసుకుంటున్నావా? 3,000 డాలర్లు 8 శాతం వడ్డీకి 60 నెలలంటే నెలకి దగ్గర దగ్గర 61, మొత్తం 3,650. క్రెడిట్ హిస్టరీ లేకపోతే వడ్డీ ఇంకా పైకే పోతుంది. ఇన్సూరెన్స్ ఎంతో, రెండు బళ్ల విన్ నంబర్లూ (బండి గుర్తింపు నంబర్లు) ఇచ్చి కొనకముందే అడుగు. డిక్కీ 130 లీటర్లే. రేపు అమ్మా నాన్నా పలాస జీడిపప్పు, ఆవకాయ కట్టుకుని 23 కిలోల పెట్టెలతో దిగితే ఇందులో నీ పక్కన ఒక్క మనిషే పడతారు, పెట్టెలు పట్టవు. ఇంట్లో ఇంకో కారు ఉందో లేదో చూసుకో.

గజపతినగరం:
రూమ్మేట్‌కి కారుందండి. శనివారం రెండూ చూడ్డానికి వెళ్తున్నాను. ఏటేటి చూడాలి?

రాజాం:
బ్రెంబో ముందు చక్రాలకే ఉంటుంది. వెనకవి ఎర్రరంగు వేసిన మామూలు క్యాలిపర్లు, నాలుగూ బ్రెంబో అంటే సరిదిద్దు. ప్యాడ్ 3 మిల్లీమీటర్లకి వచ్చుంటే మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమను. బీబీఎస్ చక్రాన్ని ముందునుంచి కాదు, లోపలి అంచు చుట్టూ వేలు పెట్టి చూడు, గోతి దెబ్బ అక్కడ తగులుతుంది. అరవై మైళ్ల మీద స్టీరింగ్ వణికితే చక్రం వంగిందో, బ్యాలెన్స్ పోయిందో తేల్చాక మాట్లాడు.

టాపు ఏ బండికైనా ముఖ్యం. టాపు మీద పడిన నీళ్లు సీట్ల వెనక డ్రెయిన్ల గుండా కిందికి పోవాలి. ఆకులు అడ్డుపడితే నీళ్లు లోపలికి వస్తాయి. సీట్ల వెనక కార్పెట్ కింద చెయ్యి పెట్టు. చెమ్మ తగిలినా, ముక్కవాసన వచ్చినా ఆ బండి వదిలీ, ప్యాకేజీ ఉన్నా సరే.

నా మాట: 3,000కి వద్దు. ప్యాకేజీ లేని బండి తీసుకుని, మిగిలిన డబ్బుతో 16 అంగుళాల వింటర్ సెట్టు కొనుక్కో. తేడా 1,200 లోపుకి దిగి, సీటు నీ ఒంటికి సరిపోయి, చక్రాలు నాలుగూ తిన్నగా ఉంటే అప్పుడు ప్యాకేజీ బండే తీసుకో.