సంపు మోటారు స్క్రిప్టులో ఇఫ్ లోపల ఇఫ్ ఆరు మెట్లు, విప్పేదెట్లా?

కొర్లగుంట_కుర్రోడు:
అన్నలూ, ఒక సలహా కావాలి. తిరుపతిలో మాది ఐదు పోర్షన్ల ఇల్లు. సంపు నుంచి పైట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారుకు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, అది చెప్పినట్టు స్విచ్ వేసే ఒక రిలే పెట్టి, నిమిషానికోసారి సెన్సర్లు చూసుకునే పైథాన్ స్క్రిప్టు రాసుకున్నా. మొదట్లో నాలుగు లైన్లే, ట్యాంకు 30 శాతం కిందకొస్తే ఆన్, 95కి ఆఫ్. తర్వాత వోల్టేజ్ తక్కువుంటే వెయ్యొద్దని నాన్న, రాత్రి 11 నుంచి 5 దాకా ఆ చప్పుడుకు నిద్ర పట్టట్లేదని కింది పోర్షన్ వాళ్ళు, నేను చెప్పినప్పుడు మాత్రం వెయ్యాల్సిందేనని అమ్మ (ఆమెకు గోడకొక స్విచ్ పెట్టిచ్చా), ఇట్లా ఒక్కొక్కరికి ఒక్కో ఇఫ్ చేరుస్తూ పోతే ఇప్పుడు రాసిన నాకే అర్థం కావట్లేదు. మొత్తం పెడితే తిడతారు, మోటారు ఆన్ చేసే లైను మాత్రం ఇది:

ఇఫ్ ట్యాంకు < 30 ఆర్ అమ్మ_స్విచ్ యాండ్ సంపు > 15 యాండ్ వోల్టేజ్ > 190 యాండ్ నాట్ (రాత్రి యాండ్ నాట్ అత్యవసరం):

అత్యవసరం అంటే ట్యాంకు 10 కంటే తక్కువ. పేర్లు నిజంగానే తెలుగులో పెట్టుకున్నా, పైథాన్ 3 ఏమీ అనదు. మొన్న శుక్రవారం సంపు ఎండిపోయినా మోటారు గంటసేపు ఉత్తినే తిరిగి సీలు కాలిపోయింది. వైండింగ్ బతికింది, అదృష్టవంతుడివి అన్నాడు మెకానిక్. సంపు కండిషన్ పదిసార్లు టెస్ట్ చేశానన్నా, పనిచేస్తోంది! మరి ఆరోజు ఏమైంది?

స్టార్టర్_శీను:
తమ్ముడూ, ముందు సంపులో ఒక ఫ్లోట్ స్విచ్ వేసి కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్ వైరుకు సిరీస్‌లో కలుపు. నీళ్ళు లేకపోతే నీ పైథాన్ ఎంత అరిచినా మోటారు తిరగదు. స్క్రిప్టు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

పూతలపట్టు_పైథాన్:
శీను అన్న మాట విను, అది మాత్రం ఈరోజే చెయ్యి. ఇక ఏమైందంటే, పైథాన్‌లో యాండ్ ముందు, ఆర్ తర్వాత. కూడిక కంటే గుణకారం ముందు చేసినట్టు. కాబట్టి నీ లైను అర్థం "ట్యాంకు 30 కింద ఉంటే చాలు, వేసెయ్". సంపు, వోల్టేజ్, రాత్రి అన్నీ అమ్మ స్విచ్‌కే అతుక్కున్నాయి, ట్యాంకుకు కాదు. నువ్వు టెస్ట్ చేసింది ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, స్విచ్ నొక్కి, అవునా? అప్పుడు సంపు కండిషన్ భేషుగ్గా పనిచేస్తుంది మరి.

ట్యాంకు, అమ్మ స్విచ్, ఆ రెండింటినీ కలిపి బ్రాకెట్లు పెడితే ఈ బగ్ పోతుంది, కానీ అంతటితో వదిలేస్తే వచ్చే నెల ఇంకోటి తెచ్చుకుంటావు. నేనైతే వద్దనే కారణాలన్నీ పైకి తెస్తా, ఒక్కోటీ ఒక్కో లైను. సంపు 15 కంటే ఎక్కువ లేదా, ఆపు, రిటర్న్ (అంటే ఫంక్షన్ నుంచి అక్కడే బయటికి). వోల్టేజ్ చాలదా, ఆపు, రిటర్న్. ట్యాంకు 95 దాటిందా, ఆపు, రిటర్న్, అమ్మ చెప్పినా సరే. ఇవన్నీ దాటుకుని కిందికి వచ్చామంటే మోటారుకు ప్రమాదం లేదని తేలినట్టే, ఆ కింద ఎల్స్‌లు అక్కర్లేదు, లోపలికి జరపడమూ అక్కర్లేదు. అప్పుడు అమ్మ స్విచ్ ఆన్‌లో ఉంటే నడుపు, రాత్రై అత్యవసరం లేకపోతే ఆపు, ట్యాంకు 30 కింద ఉంటే నడుపు, ఏదీ కాకపోతే ఉన్నది ఉన్నట్టే ఉంచు.

ఆ నాట్ లోపల నాట్ కూడా తీసెయ్. డీ మోర్గాన్ సూత్రం ఇంటర్‌లో చదివే ఉంటావు, "రాత్రి కాదు, లేదా అత్యవసరం" అని రాస్తే అదే అర్థం.

కొర్లగుంట_కుర్రోడు:
అన్నా దండం! అవును, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే టెస్ట్ చేశా. నువ్వు చెప్పినట్టే రాశా, ఫ్లోట్ కూడా వేయించా. కానీ నిన్న రాత్రి కొత్త గోల. ట్యాంకు 9కి పడింది, మోటారు లేచింది, 10 కాగానే ఆగింది, ఎవరో కుళాయి తిప్పారు, మళ్ళీ లేచింది. తెల్లారేదాకా ఇదే పని. పొద్దున కింది పోర్షన్ అంకుల్ మాట్లాడకుండా నా వైపు ఒక చూపు చూసి బండెక్కి వెళ్ళిపోయాడు.

చిత్తూరు_చిప్:
ఎందుకంటే పగలు నీకు రెండు హద్దులున్నాయి, 30కి మొదలు, 95కి ఆపు. రాత్రికి మాత్రం ఒకటే హద్దు, 10. మొదలయ్యేదీ ఆగేదీ అక్కడే, అందుకే కొట్టుకుంటోంది. దీనికి ఇంకో ఇఫ్ రాయబోతున్నావేమో, రాయకు. నీ ఇఫ్‌లలో సగం కండిషన్లే కావు, అంకెలు. వాటిని డిక్షనరీలో (పేరుకు విలువలు జతచేసే పట్టికలో) పెట్టు:

పగలు: 30, 95
రాత్రి: 10, 40
అమ్మ: 95, 95

మొదటిది మొదలుపెట్టే హద్దు, రెండోది ఆపే హద్దు. పైథాన్ తమ్ముడు చెప్పిన సంపు, వోల్టేజ్ లైన్లు పైన అట్లే ఉంచు. కింద ఇప్పుడు ఏ మోడ్‌లో ఉన్నామో తేల్చుకో (అమ్మ స్విచ్ ముందు, తర్వాత టైము), హద్దులు తీసుకో, మొదటిదాని కంటే తక్కువైతే నడుపు, రెండోది చేరితే ఆపు, మధ్యలో ఉంటే కదిలించకు. అంతే. రాత్రి 40 దాకా ఒకేసారి ఎక్కి ఆగిపోతుంది. 11 కొట్టేసరికి ట్యాంకు 60లో ఉండి మోటారు తిరుగుతుంటే అదే ఆగుతుంది, అంకుల్ పడుకోవచ్చు. రేపు బంధువులొచ్చి నీళ్ళు ఎక్కువ కావాలంటే అంకె మారుస్తావు, కోడ్ ముట్టుకోవు.

ఇంకోటి. నిర్ణయం తీసుకునే ఫంక్షన్ రిలేని ముట్టుకోకూడదు. విలువలు తీసుకుని నడుపు, ఆపు, ఉంచు అని చెప్పాలి, అంతే. అప్పుడు మోటారు లేకుండానే టెస్ట్ చేయొచ్చు. సంపు, వోల్టేజ్, రాత్రి, స్విచ్, ట్యాంకు తక్కువ, ఐదు అవును-కాదులంటే 32 కలయికలు, పైథాన్‌తోనే వచ్చే ఇటర్‌టూల్స్‌లోని ప్రొడక్ట్‌తో అన్నీ పుట్టించి వరుసగా ప్రింట్ చేసి ఒక్కసారి కళ్ళతో చూసుకో. నీ పాత లైనును ఇట్లా చూసుంటే సంపు ఖాళీ వరుసలో "నడుపు" అని కనబడేది, సీలు మిగిలేది.

పూతలపట్టు_పైథాన్:
ఇది నాదానికంటే బాగుంది. ఒకటి కలుపుతా, ట్యాంకు సెన్సర్ వైరు ఊడి విలువ నన్ (None, అంటే విలువే లేదు) అని వస్తే 30తో పోల్చినప్పుడు పైథాన్ టైప్ ఎర్రర్ ఇచ్చి స్క్రిప్టు చచ్చిపోతుంది. రిలే మాత్రం ఆన్‌లోనే ఉండిపోవచ్చు. కాబట్టి అన్నిటికంటే పైన మొదటి లైను అదే ఉండాలి, రీడింగ్ రాకపోతే ఆపు.

కొర్లగుంట_కుర్రోడు:
మొత్తం మార్చేశా అన్నలూ. 80 లైన్లు 22కి వచ్చాయి, రాత్రి ఒక్కసారే లేచి ఆగింది. ఒక్క డౌట్, అమ్మ స్విచ్ నొక్కి మర్చిపోయింది. ఇప్పుడు 94కి పడిన ప్రతిసారీ లేస్తోంది.

చిత్తూరు_చిప్:
95, 95 పెట్టాంగా, రాత్రి జరిగిందే అక్కడా జరుగుతోంది, నా పొరపాటు. గోడ స్విచ్ తీసి బెల్ బటన్ లాంటి పుష్ బటన్ పెట్టు. నొక్కితే అమ్మ మోడ్, ట్యాంకు 95 చేరగానే నువ్వే ఆ మోడ్ తీసెయ్.

స్టార్టర్_శీను:
బటన్ వంటింట్లో పెట్టకు, చెయ్యి తగుల్తుంది.