సిలికా జెల్‌లో నీటి డిఫ్యూజన్: ఎన్ఎంఆర్‌లో డెల్టా పెంచితే విలువ ఎందుకు పడిపోతోంది?

ఆమదాలవలస_కుర్రోడు:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్ నేను. సన్న రంధ్రాల్లో ఉన్న నీటి అణువులు ఎంత చురుగ్గా తిరుగుతాయో పల్స్‌డ్ గ్రేడియంట్ ఎన్ఎంఆర్‌తో (చోటుని బట్టి బలం మారే అయస్కాంత క్షేత్రం, అంటే గ్రేడియంట్, రెండుసార్లు కాసేపు ఇచ్చి ఆ మధ్యలో అణువులు ఎంత జరిగాయో సిగ్నల్ తగ్గుదలతో చూసే పద్ధతి) కొలవాలి, ఇదీ ప్రాజెక్టు. మా దగ్గర ఆ సదుపాయం లేదు కాబట్టి శాంపిల్ హైదరాబాద్ పట్టుకెళ్లి పెట్టించుకొచ్చాం. మిశ్రమాల్ని వేరుచేసే క్రొమాటోగ్రఫీ కాలమ్‌లో వాడే సిలికా జెలే తీసుకున్నా, డబ్బా మీద 60 ఆంగ్‌స్ట్రామ్ (రంధ్రం సైజు), 230–400 మెష్ (గింజలు జల్లించిన జల్లెడ నంబర్) అని ఉంది. నీళ్లలో బాగా నానబెట్టి, పైన కాస్త నీళ్లు తేలేలా ట్యూబులో పోశాం.

ఇప్పుడు గొడవేంటంటే, రెండు గ్రేడియంట్ పల్సుల మధ్య ఎడం (డెల్టా) 20 మిల్లీసెకన్లు పెడితే డిఫ్యూజన్ 1.7×10⁻⁹ చదరపు మీటర్లు/సెకను వచ్చింది, 200 పెడితే 1.1కి పడిపోయింది. పైగా గ్రేడియంట్ పెంచేకొద్దీ సిగ్నల్ ఎలా తగ్గుతుందో చూపే లాగ్ గ్రాఫ్ (దాని వాలు నుంచే డిఫ్యూజన్ తీస్తాం) తిన్నగా రావట్లేదు, చివర్లో వంగిపోతోంది. ఉత్త నీళ్లు పెడితే మాత్రం రెండు డెల్టాలకీ 2.3 వచ్చింది, గీత కూడా తిన్నగానే ఉంది. అంటే మెషీన్ బాగానే ఉన్నట్టే కదా? మా సారేమో రంధ్రాల గోడలు అడ్డొస్తున్నాయి, అదే రాసెయ్ అన్నారు. వైవా దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

బొబ్బిలి_వీణ:
సారు చెప్పిందే కదా బ్రో. టైమ్ ఎక్కువిస్తే అణువు గోడలకి ఎక్కువసార్లు గుద్దుకుంటుంది, అందుకే తగ్గింది. రిస్ట్రిక్టెడ్ డిఫ్యూజన్ అని రాసెయ్, అయిపోతుంది.

కోట_జంక్షన్_మాస్టారు:
బాబూ, ఆ మాట వైవాలో అన్నావంటే ఒక్క లెక్కతో పట్టేసుకుంటారు. నీ అంకెలే తీసుకుందాం. గ్రేడియంట్ ఉన్న దిశలో అణువు సగటున జరిగే దూరం రెండు ఇంటూ డి (నీ డిఫ్యూజన్ విలువ) ఇంటూ డెల్టాకి వర్గమూలం. 20 మిల్లీసెకన్లకి అది 8 మైక్రాన్లు దాటుతుంది. 60 ఆంగ్‌స్ట్రామ్ అంటే 6 నానోమీటర్లు. అంటే నువ్వు తీసిన అతి తక్కువ డెల్టాలోనే అణువు వెయ్యికి పైగా రంధ్రాలంత దూరం వెళ్లిపోయింది! 6 నానోమీటర్లు దాటడానికి నీటికి పది నానోసెకన్లు కూడా అక్కర్లేదు. కాబట్టి రంధ్రం గోడలు చెయ్యాల్సిందేదో ఎప్పుడో చేసేశాయి, అది నీ విలువలో కలిసిపోయే ఉంది. 20 నుంచి 200కి వెళ్లేటప్పుడు కొత్తగా తగ్గించడానికి వాటి దగ్గర ఏమీ మిగల్లేదు.

విజయనగరం పైడితల్లి జాతర నాడు మూడు లాంతర్ల దగ్గర ఉన్న మనిషిని ఒక్క క్షణం చూస్తే వాడి అడుగు మామూలు అడుగే, అరగంట చూస్తే ఎటు తిరిగినా జనమే కాబట్టి కోట వైపు కదిలింది కొంచెమే. రెండు గంటలు చూసినా ఆ నిదానం అలాగే ఉంటుంది, ఇంకా పడిపోదు. నీ రంధ్రాల్లో నీళ్లు 20 మిల్లీసెకన్ల దగ్గరే ఆ స్థితికి వచ్చేశాయి.

మరి తగ్గిందెందుకు? 200కి అదే లెక్క వెయ్యి, 21 మైక్రాన్లు వస్తుంది. 230–400 మెష్ అంటే గింజ సైజు సుమారు 40–63 మైక్రాన్లు. నువ్వు చూస్తున్నది రంధ్రాన్ని కాదు, గింజని! పైన నీళ్లు తేలేలా పోశానన్నావు. అంటే ట్యూబులో రెండు రకాల నీళ్లున్నాయి, గింజ లోపలివి నిదానంగా, గింజల మధ్యవి హుషారుగా. గీత వంగింది అందుకే, రెండు వాలులు కలిసిపోయాయి. డెల్టా పెరిగేకొద్దీ బయటి నీళ్లు గింజలకి తగులుతూ నిదానిస్తాయి, లోపలివి బయటికి, బయటివి లోపలికి వచ్చి కలిసిపోతాయి. మొత్తానికి ఒకే గీత గీసి తీసిన డి ఎటూ కాని అంకె.

పైడిభీమవరం_షిఫ్ట్:
మాస్టారు చెప్పింది నిజం. మేం ప్లాంట్‌లో ఇదే సిలికాతో కాలమ్‌లు వేస్తాం. తమ్ముడూ, పొడిని 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి చల్లార్చి, నీళ్లు చుక్కచుక్కగా పోస్తూ కుదుపుతూ ఉండు. ఈ రకానికి గ్రాముకి సుమారు 0.75 మిల్లీలీటర్లు లోపలికి పోతాయి, నీ డబ్బా మీద రంధ్రాల వాల్యూమ్ రాసి ఉంటే అదే తీసుకో. దానికి కాస్త తక్కువ దగ్గర ఆపితే పొడి చూడ్డానికి పొడిగానే ఉంటుంది, ట్యూబు తిప్పితే జారుతుంది. ముద్ద కట్టిందంటే ఎక్కువ పోసినట్టే. మూత పెట్టి పారాఫిల్మ్ చుట్టి తూకం వేసి రాసుకో. రైల్లో హైదరాబాద్ చేరేసరికి ఎంత ఆవిరైందో మళ్లీ తూస్తే కానీ తెలీదు.

కోట_జంక్షన్_మాస్టారు:
మంచి మాట. అలా చేస్తే 20 మిల్లీసెకన్ల దగ్గర గీత దాదాపు తిన్నగా వస్తుంది, ఆ వాలే గింజ లోపలి డి. ఆ తర్వాత డెల్టా బాగా పెంచితే మళ్లీ తగ్గుతుంది, ఈసారి నిజంగానే గింజ అంచు తగలడం వల్ల. బయట నీళ్లు లేవు కాబట్టి అణువు గింజలోనే తిరుగుతుంది. గింజని గోళం అనుకుంటే చివరికి విలువ వ్యాసార్థం వర్గం బై అయిదు డెల్టాకి చేరాలి. 25 మైక్రాన్ల వ్యాసార్థానికి 200 మిల్లీసెకన్ల దగ్గర అది 0.6×10⁻⁹. నీ కొలత అటు వంగుతుంటే డబ్బా మీది మెష్ నంబర్‌ని ఎన్ఎంఆర్‌తో సరిచూసినట్టే, రిపోర్టులో ఒక బొమ్మకి సరిపడా సరుకు.

ఇంకోటి, పల్స్ సీక్వెన్స్ ఏది వాడారో కనుక్కో. మామూలు స్పిన్ ఎకోలో డెల్టా అంతసేపూ సిగ్నల్ టీ2తో (సిగ్నల్ చెదిరిపోయే సమయం) కరిగిపోతుంది, సిలికాలో టీ2 తక్కువ. స్టిమ్యులేటెడ్ ఎకోలో ఎక్కువసేపు టీ1 (స్పిన్లు మామూలు స్థితికి తిరిగొచ్చే సమయం, టీ2 కన్నా ఎక్కువ) మీదే నడుస్తుంది కాబట్టి 200 దాకా లాగొచ్చు, సిగ్నల్ సగం పోయినా నష్టం లేదు. గింజకీ గాలికీ అయస్కాంత గుణం వేరు కాబట్టి లోపల సొంత గ్రేడియంట్లు పుడతాయి, పొడి శాంపిల్‌లో ఇంకా ఎక్కువ. అందుకే బైపోలార్ (ఎదురెదురు దిశల్లో జతగా ఇచ్చే) పల్సులున్నదే అడుగు, కాట్స్ బృందం 1989లో ఇచ్చిన 13 ఇంటర్వల్ సీక్వెన్స్ ఈ పనికే. అసలు పద్ధతి స్టెయిస్కాల్, టానర్ 1965లో పెట్టింది. లైప్‌జిగ్‌లో ఫైఫర్, కేర్గర్ వాళ్లు దీంతోనే జియోలైట్ (అతి సన్న రంధ్రాలున్న ఖనిజం) స్ఫటికాల లోపల కొలిస్తే, బరువు పెరగడం చూసి లెక్కగట్టిన పాత విలువల కన్నా కొన్ని చోట్ల ఎన్నో రెట్లు ఎక్కువొచ్చాయి. ఏ దూరం మీద కొలుస్తున్నావో చెప్పకపోతే ఆ తగువు తెగేది కాదు.

స్కాన్_టెక్నీషియన్_సాలూరు:
మధ్యలో దూరుతున్నా మాస్టారూ, మా ఎమ్మారై డిఫ్యూజన్ స్కాన్ ఇదేనా? పక్షవాతం కేసుల్లో తెల్లగా మెరుస్తుంది కదా.

కోట_జంక్షన్_మాస్టారు:
అదే. ఆ జత గ్రేడియంట్ పల్సులే. రక్తం అందక కణాలు ఉబ్బుతాయి, నీళ్ల కదలిక తగ్గుతుంది, సిగ్నల్ అంతగా పడిపోదు, మెరుస్తుంది. మీ మెషీన్‌లో బీ-వాల్యూ అని పెట్టేది ఆ గ్రేడియంట్ బలం, టైములు అన్నీ కలిపిన అంకె.

ఆమదాలవలస_కుర్రోడు:
చాలా థాంక్స్ మాస్టారూ, అన్నా. సారుకి ఈ లెక్క చూపించా, రెండు శాంపిళ్లూ పెట్టిద్దాం, పోల్చొచ్చు అన్నారు. పాత డేటా పారెయ్యాలా మరి?

కోట_జంక్షన్_మాస్టారు:
ఎందుకూ? రెండు ఎక్స్‌పొనెన్షియల్స్‌తో (హుషారు నీళ్లకి ఒకటి, నిదానం నీళ్లకి ఒకటి) ఫిట్ చేసి చూడు, ముందు 20 మిల్లీసెకన్లది. నిదానం భాగం విలువ కొత్త శాంపిల్ విలువకి దగ్గరగా వస్తే నీ వాదన నిలిచినట్టే. ప్రతి డి పక్కనా డెల్టా, ఉష్ణోగ్రత రాయి, ఉత్త నీళ్ల 2.3 కూడా 25 డిగ్రీలకే.