అమెరికాలో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉంటూ సొంత కంపెనీ పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నమస్తే అండీ. శాన్‌హోజేలో హెచ్-1బి మీద చిప్ డిజైన్ ఉద్యోగం చేస్తున్నాను. స్నేహితుడితో కలిసి కంపెనీ పెట్టాలని గట్టిగా ఉంది. 1982లో సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంప్యూటర్ కంపెనీ పెట్టిన నలుగురిలో వినోద్ ఖోస్లా, ఆండీ బెక్టోల్‌షైమ్ బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లే కదా!

2025 జనవరి 17న అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, సగానికి మించి వాటా ఉన్నా మన కంపెనీయే మనకు హెచ్-1బి స్పాన్సర్ చేయొచ్చు. కానీ మొదటి అనుమతి, ఆ తర్వాతి మొదటి పొడిగింపు ఒక్కొక్కటి 18 నెలలకు మించి ఇవ్వరు. మా ఆవిడ హెచ్-4 (డిపెండెంట్ వీసా) కూడా నా వీసా మీదే ఉంది, అందుకే టెన్షన్.

ఈ దారిలో వెళ్లినవాళ్లు జీతానికి డబ్బు ఎలా చూపించారు? వాటా సగం దాటకుండా ఉంచుకుని మామూలు మూడేళ్లు అడగడం మేలా? ఈ గడువు చూసి పెట్టుబడిదారులు వెనకాడారా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.