పాత 60 హెర్ట్జ్ మానిటర్‌లో స్క్రీన్ టేరింగ్: వీ-సింక్ వేయాలా, మానిటరే మార్చాలా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. నాది 22 అంగుళాల 1080పీ మానిటర్. పదేళ్లు దాటింది, డీవీఐ అనే పాత రకం కేబుల్ మీద నడుస్తోంది. మొన్న సెకండ్ హ్యాండ్‌లో జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు కొని వేశాను. గేముల్లో 80, 90 ఎఫ్‌పీఎస్ (సెకనుకు అన్ని ఫ్రేములు) వస్తోంది, కానీ బొమ్మ చూస్తుంటే కళ్లు లాగుతున్నాయి. కారు గేమ్‌లో మలుపు తిప్పగానే రోడ్డు పక్కన దీపస్తంభం నడుమ దగ్గర తెగిపోతుంది. పై ముక్క ఒకచోట, కింది ముక్క వేలెడు పక్కన. కార్డు ఫ్రేములను మానిటర్ వేగానికి జతకట్టే వీ-సింక్ ఆన్ చేస్తే అది పోయింది గానీ మౌస్ బరువెక్కినట్టు ఉంది. రూమ్మేట్ మానిటర్ మార్చమంటున్నాడు. ఇంట్లో ఇప్పుడు డబ్బు అడిగే పరిస్థితి లేదు. మీరేమంటారు?

నల్లమల22:
తమ్ముడూ, నీ మానిటర్ పాడవలేదు. అది సెకనుకు 60 సార్లు, అంటే 16.7 మిల్లీసెకన్లకోసారి, పైనుంచి కిందికి బొమ్మ గీస్తుంది. సగం గీసేసరికి కార్డు కొత్త ఫ్రేమ్ ఇచ్చేస్తే మిగతా సగం ఆ కొత్తదాంట్లోంచి గీస్తుంది. నువ్వు చూసే చీలిక అదే.

అయినా నా ఓటు కొత్త మానిటర్‌కే. కార్డు వేగాన్ని బట్టి మానిటరే తన వేగం మార్చుకోవడం అసలైన మందు. ఆ పని చేసే ఎన్విడియా జీ-సింక్‌ను 2013లో ప్రకటించారు, ఏఎండీ ఫ్రీసింక్ మానిటర్లు 2015లో వచ్చాయి, 2019 జనవరి నుంచి ఎన్విడియా కార్డులు కూడా వాటితో పనిచేస్తున్నాయి. ఇది మానిటర్ లోపల ఉండాల్సిన హార్డ్‌వేర్, పాతదానికి సాఫ్ట్‌వేర్‌తో తెచ్చిపెట్టలేం. ఎప్పుడు కొన్నా, నీ కార్డుకి డిస్‌ప్లేపోర్ట్ ఉందో లేదో ముందు చూసుకో. ఎన్విడియా కార్డుతో హెచ్‌డీఎంఐ మీద ఫ్రీసింక్ చాలా మానిటర్లలో రాదు.

మిర్చియార్డు:
నల్లమల అన్నా, డబ్బు లేదని చెప్పిన కుర్రాడికి కొత్త మానిటర్ సలహా ఎందుకు? నేను ఈరోజుకీ 60 హెర్ట్జ్ మీదే ఆడుతున్నాను, చీలిక లేదు, మౌస్ బరువూ లేదు.

తమ్ముడూ, బరువు వీ-సింక్ వల్లే అనుకోకు. కార్డు 90 ఫ్రేములు చేయగలిగి, మానిటర్ 60 మాత్రమే తీసుకుంటే మిగతావి క్యూలో నిలబడతాయి. రెండు మూడు ఫ్రేములు నిలబడ్డాయంటే 33 నుంచి 50 మిల్లీసెకన్లు ఆలస్యం. నీ చేతికి తెలిసేది ఆ ఆలస్యమే. కాబట్టి వీ-సింక్ ఆన్‌లోనే ఉంచి, కార్డు వేగాన్ని మానిటర్ కంటే వెంట్రుకవాసి తక్కువకు కట్టెయ్. ఇక క్యూ పేరుకోదు.

వెంట్రుకవాసి అన్నది ఊరికే కాదు. పెట్టె మీద 60 అని ఉన్నా మానిటర్ నిజంగా నడిచేది 59.94 కావచ్చు, 60.02 కావచ్చు. టెస్ట్‌యూఎఫ్‌ఓ సైట్ తెరిచి కొన్ని నిమిషాలు కదిలించకుండా వదిలెయ్, అసలు అంకె చూపిస్తుంది. 59.94 అయితే 59.93కి కట్టు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ పూర్ణాంకాలే తీసుకుంటుంది కాబట్టి ఫ్రేములకు పరిమితి పెట్టే రివాట్యూనర్ అనే ప్రోగ్రామ్ వాడు. దాని ప్రొఫైల్ ఫైల్లో లిమిట్ 59930 అని, లిమిట్ డినామినేటర్ 1000 అని రాయి, భాగిస్తే 59.93. తేడా 0.01 కాబట్టి వంద సెకన్లకోసారి ఒక ఫ్రేమ్ రెండుసార్లు కనిపిస్తుంది. నీ కంటికి అందదు. 59కే కడితే మాత్రం సెకనుకోసారి చిన్న కుదుపు వస్తుంది, అది తెలుస్తుంది.

రాత్రిపాళీ:
కారు గేమ్ వరకు సరే. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ లాంటి షూటింగ్ గేములు ఆడేవాళ్లకు ఈ సలహా ఇవ్వకండి దయచేసి. అక్కడ వీ-సింక్ ఏ రూపంలోనైనా నష్టమే. 60 హెర్ట్జ్ మానిటర్‌లో 300 ఎఫ్‌పీఎస్ వదిలితే ఒక్కో తెరలో ఐదు ఫ్రేముల ముక్కలు ఉంటాయి. చీలికలు ఎక్కువే, కానీ ముక్కకీ ముక్కకీ మధ్య 3.3 మిల్లీసెకన్ల తేడా కాబట్టి ఒక్కోటి సన్నగా ఉంటుంది. పైగా తెర కింది భాగంలో ఇంకా తాజా సమాచారం కనిపిస్తుంది. చీలిక కంటికి అలవాటవుతుంది, ఆలస్యం చేతికి అలవాటు కాదు.

మిర్చియార్డు:
అందరికీ అలవాటు కాదు రాత్రిపాళీ గారూ. మా తమ్ముడికి చీలికలున్న గేమ్ అరగంట ఆడితే తలనొప్పి వస్తుంది. 1650 మీద అన్ని గేముల్లో 300 కూడా రాదు. 70, 80 దగ్గర ఆడితే చీలిక వెడల్పుగా, తెర నడుమ పాకుతూ ఉంటుంది. అతని సమస్య అదే.

గోదారిగట్టు:
మిర్చియార్డు అన్నా, చేశాను. నాది 59.95 చూపించింది, 59.94కి కట్టాను. స్తంభం నిటారుగా నిలబడింది! మౌస్ కూడా తేలికైంది. ఒక్కటే ఇబ్బంది, గేమ్‌లో సిటీ సెంటర్‌కి వెళ్లగానే 60 నుంచి ఒక్కసారిగా 30కి పడుతోంది. వీ-సింక్ లేనప్పుడు అదే చోట 54 వచ్చేది.

మిర్చియార్డు:
అది డబుల్ బఫర్ లక్షణం, కార్డు దగ్గర రెండు ఫ్రేములకే చోటు ఉంటుంది. ఫ్రేమ్‌కి 16.7 బదులు 18 మిల్లీసెకన్లు పట్టినా బండి తప్పినట్టే, తర్వాతి బండి 33.3 దగ్గర. గేమ్‌లో మూడో ఫ్రేమ్‌కి చోటిచ్చే ట్రిపుల్ బఫరింగ్ ఉంటే వెయ్. లేకపోతే షాడోలు (నీడల నాణ్యత) ఒక మెట్టు దించు, ఆ 6 ఫ్రేములు సాధారణంగా అక్కడే దొరుకుతాయి. ఎన్విడియాలో అడాప్టివ్ వీ-సింక్ కూడా ఉంది. 60 కంటే కిందికి పడ్డప్పుడు వీ-సింక్ దానంతటదే ఆగుతుంది. అప్పుడు సిటీ సెంటర్‌లో మాత్రం చీలిక తిరిగొస్తుంది. నేనైతే షాడోలే దించుతాను.

కొండపల్లిబొమ్మ:
సీఆర్‌యూ అనే చిన్న ప్రోగ్రామ్‌తో మానిటర్‌ని 70, 75 హెర్ట్జ్‌కి లేపి చూడొచ్చు కదా? నాది పాతదే, 72 దగ్గర రెండేళ్లుగా నడుస్తోంది.

నల్లమల22:
జాగ్రత్త. అతనిది డీవీఐ. సింగిల్ లింక్ డీవీఐ మోయగల పిక్సెల్ వేగం పరిమితి 165 మెగాహెర్ట్జ్. 1080పీలో టైమింగ్ (గీతల మధ్య, ఫ్రేముల మధ్య వదిలే ఖాళీ) బాగా బిగిస్తే 70 దాకా పడుతుంది, 75 అంటే మామూలుగా ఆ గీత దాటుతుంది. తెర నల్లబడి "అవుట్ ఆఫ్ రేంజ్" అని వస్తే కంగారుపడకు, 15 సెకన్లు ఏమీ నొక్కకపోతే విండోస్ పాత సెట్టింగ్‌కి తెస్తుంది. ఇంకో మాట, కొన్ని మానిటర్లు 70 ఒప్పుకున్నట్టే కనిపించి లోపల ఫ్రేములు మింగేస్తాయి. టెస్ట్‌యూఎఫ్‌ఓలో ఫ్రేమ్ స్కిప్పింగ్ పరీక్ష ఉంది, అది దాటితేనే ఉంచుకో.

రాత్రిపాళీ:
నా మాట మార్చుకోను గానీ, షూటర్లలో కూడా చీలిక భరించలేనివాళ్లకు ఒక దారి ఉంది. రివాట్యూనర్‌లోనే స్కాన్‌లైన్ సింక్. వీ-సింక్ ఆపేసి దాని విలువ కొద్దికొద్దిగా మారుస్తూ పోతే చీలిక గీత తెర అంచు దాటి కనిపించని చోటికి జరుగుతుంది. కార్డుకి ఊపిరి ఉండాలి, లోడ్ 70, 80 శాతం దాటితే గీత మళ్లీ పైకి ఎక్కుతుంది.

గోదారిగట్టు:
షాడోలు హై నుంచి మీడియంకి దించాను. సిటీ సెంటర్‌లో కూడా 60 నిలబడుతోంది. 70 హెర్ట్జ్ ప్రయత్నించాను, బొమ్మ వచ్చింది గానీ నల్లమల అన్న చెప్పిన పరీక్షలో గళ్లు మధ్యమధ్య ఖాళీ పడ్డాయి. మళ్లీ 60కే వచ్చేశాను. వాలరెంట్‌లో మాత్రం వీ-సింక్ తీసేశాను, ఈ ఆదివారం స్కాన్‌లైన్ సింక్ వేసి ఎలా ఉందో చెబుతాను.